మొదటి రెండు నిమిషాలు ఎవరివి?

(దళిత విద్యార్థుల, యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ భూమి గురించి, కూలి గురించి, శ్మశానానికి దారి గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మేం సినిమా గురించి మాట్లాడతామంటే వెనకాల కూర్చున్న పెద్దాయన ఒకరు "పనీపాటా లేనోళ్ళ కబుర్లు" అన్నారు. ఆ మాట మాకు వినపడింది. తాతా, నువ్వన్నదాంట్లో న్యాయం ఉంది. ఇన్నేళ్ళూ సినిమా అంటే మనకు టిక్కెట్టు కొనుక్కుని చూసి వచ్చేదే. తీసినవాళ్ళు వేరు, చూసినవాళ్ళం మనం. తెర మీద మన గూడెం కనపడితే గుడిసెలు తగలబడినప్పుడో, దొరగారి కొడుకు దయ తలిచినప్పుడో కనపడేది. మనం ఎలాంటి మనుషులమో లోకానికి చెప్పేది ఆ తెరే అయినప్పుడు, దాని తగాదా కూడా గట్టు తగాదా లాంటిదే. గట్టు జరిపినవాణ్ణి అడిగినట్టే దాన్నీ అడగాలి.

మేం చెప్పబోయేది పెద్ద సినిమా సంగతి కాదు. మా గూడెం పిల్లలు నలుగురు తీసిన రెండు నిమిషాల సినిమా సంగతి. అందులో వాళ్ళు నేర్చుకున్నదాని కన్నా మేం నేర్చుకున్నది ఎక్కువ. అందుకే ఇక్కడ నిలబడ్డాం.

ప్రాజెక్టు అంటే ఏమిటి?

ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. పట్నంలో డిగ్రీ. అందులో జర్నలిజం ఒక సబ్జెక్టు. వాళ్ళ లెక్చరర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. సినిమా మొత్తం తీయక్కర్లేదు. సినిమా ఎలా మొదలవుతుందో ఆ ఎత్తుగడ మాత్రం పేర్లతో సహా రెండు నిమిషాలు తీయాలి. తీశాక, ఎందుకు అలా తీశామో, ఏం కుదిరిందో, ఏం చెడిందో తమంతట తామే రాసివ్వాలి. అంటే పరీక్ష రాసిన పిల్లవాడే తన పేపరు తాను దిద్దుకోవాలన్నమాట.

ఈ పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ ఓసీఆర్ అనే పరీక్షల సంస్థ 2008లో మొదలుపెట్టిన మీడియా చదువులో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు ఈ పని ఉండేది. నూటికి ఇరవై మార్కులు ముందు చేసుకునే పరిశోధనకీ ఏర్పాట్లకీ, అరవై మార్కులు తీసినదానికి, ఇరవై మార్కులు స్వంత మూల్యాంకనానికి. సంగీతం సహా అన్నీ సొంతంగా చేసుకోవాలి, లేకపోతే హక్కుల గొడవ లేని శబ్దాలు వాడుకోవాలి. 2017లో అక్కడ కొత్త సిలబస్ వచ్చింది, పాత పద్ధతి పోయింది. అది మన లెక్చరర్ల చేతికొచ్చి మన పిల్లల దాకా వచ్చింది.

ఆ పాత పేపరులో మూల్యాంకనానికి ఏడు ప్రశ్నలు. మామూలు సినిమాల పద్ధతులను మీరెలా వాడుకున్నారు, ఎక్కడ ఎదిరించారు? సమాజంలోని ఏ వర్గాలను ఎలా చూపించారు? దీన్ని ఎలాంటి సంస్థ జనంలోకి తీసుకెళ్తుంది? ప్రేక్షకులెవరు? వాళ్ళను ఎలా ఆకట్టుకున్నారు? యంత్రాల గురించి ఏం నేర్చుకున్నారు? మొదట చేసిన అభ్యాసానికీ ఇప్పటికీ ఎంత ఎదిగారు? మంచి ప్రశ్నలే. రెండో ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

తలుపు, గది, కుర్చీ

అసలు ఎత్తుగడ కన్నా ముందు చేతులు తిరగడానికి ఒక అభ్యాసం ఇచ్చేవాళ్ళు. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి. గది దాటాలి. ఇంకో మనిషికి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే.

ఇంగ్లండు పిల్లలకు ఇది కెమెరా పాఠం. మా పిల్లలు ఈ కాగితం చదివి వినిపించగానే మా గూడెం పెద్దలు నవ్వారు. ఒక పెద్దమ్మ అంది: "ఏమే, ఇది నీకు పరీక్షా? మీ తాతకు ఇదే పరీక్ష. చచ్చేదాకా పాస్ కాలా." ఊళ్ళో ఇంటి తలుపు తీసుకుని లోపలికి పోవడం, గది దాటడం, కుర్చీలో ఎదురుగా కూర్చోవడం, సమానంగా మాట్లాడటం. ఈ నాలుగు పనుల్లో ఒక్కటీ మన తాతలకు దక్కలేదు.

కెమెరా పాఠం సంగతీ చెబుతాం, ఎందుకంటే పని తెలియకుండా ఆవేశం ఒక్కటే ఉంటే సినిమా రాదు. ఇందులో మూడు మెళకువలున్నాయి. మొదటిది, తలుపు మీద చెయ్యి వేసేది బయటి నుంచి తీసి, తలుపు తోసుకుని వచ్చేది లోపలి నుంచి తీసి, ఆ కదలిక దగ్గరే రెండు ముక్కలూ అతికించడం. సరిగ్గా అతికితే చూసేవాడికి అతుకు కనపడదు. రెండోది, ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకసారి ఈ మనిషి ముఖం, ఒకసారి ఆ మనిషి ముఖం చూపించడం. మూడోది గీత. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని కెమెరా ఆ గీతకు ఒక పక్కనే ఉండాలి. దాటితే తెర మీద ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనపడి చూసేవాడు తికమక పడతాడు.

తలుపు కోసం పిల్లలు ఊళ్ళో తమతో చదివే కుర్రవాడి ఇల్లు అడిగారు. కుర్రవాడు సరే అన్నాడు. ఇంటి పెద్దాయన మాత్రం "లోపలెందుకు, బయట అరుగు మీద తీసుకోండి" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మంచినీళ్ళు కూడా ఇప్పించాడు, స్టీలు గ్లాసులో కాదు, ప్లాస్టిక్ గ్లాసులో. పిల్లలు తలుపు బయట తీసుకున్నారు. గదీ కుర్చీలూ మన కమ్యూనిటీ హాల్లో తీసుకున్నారు. సెల్‌ఫోనులోనే అతికించారు. అతుకు కనపడలేదు. లెక్చరర్ మెచ్చుకున్నారు.

మేం మాత్రం ఆ రాత్రి చాలాసేపు కూర్చుని ఆలోచించాం. ఊళ్ళో తలుపుకీ మన హాల్లో గదికీ మధ్య ఉన్న దూరం తెర మీద ఒక్క రెప్పపాటులో పోయింది. సినిమాకు అంత శక్తి ఉంది. లేని సమానత్వాన్ని ఉన్నట్టు చూపించగలదు. అందుకే ఎక్కడ అతికించామో మనం మర్చిపోకూడదు.

మా తప్పు

తర్వాత అసలు పని. ఎత్తుగడ ఎలా ఉండాలని పిల్లలు మమ్మల్ని అడిగారు. మేం ఒక్క క్షణం ఆలోచించలేదు. "శవంతో మొదలెట్టండి" అన్నాం. తెల్లవారుజాము, కాలవ గట్టు, నీళ్ళలో తేలే చెయ్యి, ఏడుపు, ఆ తర్వాత పేర్లు.

మేం అలా ఎందుకన్నాం? మా ప్రసంగాలన్నీ అలాగే మొదలవుతాయి కాబట్టి. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఆ తేదీలు మర్చిపోయినవాడు ఉద్యమంలో ఉండటానికి అర్హుడు కాడు, అందులో మార్పు లేదు. కానీ మేం చెప్పినట్టే పిల్లలు తీసుకొచ్చి గూడెంలో చూపిస్తే ఆ ఆడపిల్ల తల్లి లేచి అడిగింది: "అన్నా, శవం లేకపోతే మేం సినిమాలో కనపడమా? నా కూతురు పొద్దున్నే అయిదుకు లేచి చదువుకుంటది. అది కనపడదా?"

మా దగ్గర జవాబు లేదు. సినిమా వాళ్ళు మనల్ని దయనీయంగా చూపిస్తారని తిడుతూ తిడుతూ మేమూ ఆ పనే చేశాం. హత్యను చూపించవద్దని మేం అనడం లేదు. హత్య జరిగిన మనిషి అంతకు ముందు బతికాడు గదా! అతని బతుకు చూపించకపోతే చావు ఎవరికి బాధ కలిగిస్తుంది?

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. నలుగురిలో ఆడపిల్ల చేసిందేమిటని చూస్తే, కాగితాలు రాసింది, టీలు తెచ్చింది. కెమెరా ముగ్గురు మగపిల్లల చేతుల్లోనే తిరిగింది. ఇది చెప్పిందీ ఆ తల్లే. మర్నాటి నుంచి కెమెరా ఆ అమ్మాయి పట్టుకుంది.

చూపు ఎవరిది?

పరిశోధనకు ఇరవై మార్కులన్నారు గదా. పిల్లలూ మేమూ కూర్చుని వేరేవాళ్ళ ఎత్తుగడలు చూశాం.

2021లో వచ్చిన 'జై భీమ్' మీలో చాలామంది చూశారు. జైలు గేటు దగ్గర మొదలవుతుంది. శిక్ష పూర్తయి బయటికొచ్చేవాళ్ళను ఏ కులమని అడుగుతారు. పెద్ద కులమైతే ఇంటికి పొమ్మంటారు. కింది కులమైతే పక్కన నిలబెడతారు, వాళ్ళ మీద కొత్త కేసులు మోపడానికి పోలీసులు పంచుకుంటారు. ఉపన్యాసం లేదు, శవం లేదు. ఒక గేటు, ఒక ప్రశ్న, రెండు వరుసలు. రాజ్యం అంటే ఏమిటో అంతలోనే తెలిసిపోయింది.

మారి సెల్వరాజ్ 2018లో తీసిన 'పరియేరుం పెరుమాళ్' వేటకుక్కలతో వచ్చిన కుర్రాళ్ళతో మొదలవుతుంది. వాళ్ళు దిగిన నీళ్ళ గుంటలో అగ్రకులం వాళ్ళు ఒంటికి పోస్తారు. తర్వాత కరుప్పి అనే కుక్కను రైలు పట్టాలకు కట్టేసి చంపుతారు. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా 'ఫాండ్రీ' ఇంకో రకం. వడిసెల పట్టుకుని నల్ల పిట్ట వెంట పడే పిల్లవాడితో మొదలవుతుంది. పందులు పట్టే ఇంటి బిడ్డ అతను. కానీ మొదట మనకు తెలిసేది అతని కోరిక. కులం తర్వాత వచ్చి ఆ కోరికకు అడ్డం పడుతుంది. ఆ తల్లి మమ్మల్ని అడిగింది ఇదే. ఈ మంజులే అహ్మద్‌నగర్‌లో కమ్యూనికేషన్ చదువుకుంటూ తీసిన చిన్న సినిమా 'పిస్తుల్యా'. బడికి పోవాలనుకునే పిల్లవాడి కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది. కాలేజీ ప్రాజెక్టే గదా అని తీసిపారేయకండి.

మన తెలుగులో 1938లోనే 'మాలపిల్ల' వచ్చింది. చలం కథ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, కాంచనమాల నటన. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనం. అయితే కథ మాలపిల్లది, చెప్పే నోరు వేరేవాళ్ళది. అంతకు ముందే మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్' తీసిన జె.సి.డేనియల్, పులయ కులానికి చెందిన పి.కె.రోజీ చేత నాయర్ స్త్రీ వేషం వేయించాడు. తిరువనంతపురంలో ప్రదర్శిస్తే అగ్రకులాల వాళ్ళు తెర మీద రాళ్ళు వేశారు. రోజీ ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె తమిళ ప్రాంతానికి పారిపోయి బతికింది. 'ఫాండ్రీ' చివర ఆ పిల్లవాడు రాయి తీసుకుని సూటిగా మనవైపు విసురుతాడు. ఒకప్పుడు తెర మీదికి వచ్చిన రాయి ఇన్నేళ్ళకు తెర లోంచి వచ్చింది.

ఇవన్నీ చూశాక కూడా కెమెరా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అది మాకు నేర్పింది జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్ళు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. కెమెరా కోణాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు చూడండి. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. పటేలు మనల్ని అట్లాగే చూస్తాడు గనక. కింది నుంచి తలెత్తి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు గనక. సినిమా బళ్ళల్లో ఏళ్ళ తరబడి చెప్పే పాఠం ఇంత సూటిగా ఎవరు చెప్పారు?

మా పిల్లల మొదటి ఎత్తుగడను ఈ లెక్కన చూశాం. పన్నెండు షాట్లు. తొమ్మిది పటేల్ షాట్లు. మన పిల్లలు మన గూడేన్ని డాబా ఎక్కి తీశారు! "అట్లా అయితే అంతా కనపడుద్దని" అన్నారు. పటేలుకూ అంతా కనపడుద్ది.

చెప్పులు ఎక్కడ పోయాయి?

రెండోసారి శవం తీసేశాం. కథ చాలా చిన్నది. ఒక కుర్రవాడు పొద్దున్నే గూడెం నుంచి బయల్దేరి, ఊరి వీధి గుండా నడిచి, రోడ్డు మీద కాలేజీ బస్సు ఎక్కుతాడు. నడుస్తుంటే పక్కన పేర్లు పడతాయి. కెమెరా అతని కళ్ళ ఎత్తులో వెనకాల పోతుంది. గాలి చప్పుడు రాకుండా సెల్‌ఫోనుకు మెత్తటి గుడ్డ కట్టారు. సంగీతానికి మన డప్పే, రెండు దెబ్బలు, అంతే.

తీసుకెళ్ళి లెక్చరర్‌కు చూపించారు. ఆయన బాగుందన్నారు. "కంటిన్యుటీ తప్పుంది. మొదటి షాట్‌లో చెప్పులున్నాయి. రచ్చబండ ముందు షాట్‌లో చెప్పుల్లేవు. రోడ్డు మీద మళ్ళీ ఉన్నాయి. మార్కులు పోతాయి, మళ్ళీ తీయండి" అన్నారు.

పిల్లలు నమ్మలేదు. తిప్పి తిప్పి చూసుకున్నారు. నిజమే. గూడెం చివర వేపచెట్టు దాకా కాళ్ళకు చెప్పులున్నాయి. రచ్చబండ ముందు కాళ్ళు ఉత్తవి, చెప్పులు చేతిలో పుస్తకాల చాటున ఉన్నాయి. తారు రోడ్డు రాగానే మళ్ళీ కాళ్ళకు. నడిచిన కుర్రవాడే ముందు ఒప్పుకోలేదు. "నేను తీయలేదన్నా, నాకు గుర్తు లేదు" అన్నాడు. ఎవరూ తీయమనలేదు. ఆ రోజు రచ్చబండ మీద మనుషులు కూడా లేరు, ఒక కుక్క పడుకుని ఉంది. అయినా చెయ్యి కిందికి పోయింది, చెప్పులు తీసింది.

మిత్రులారా, ఇది ఎప్పటి మాటనుకుంటున్నారు? ముత్తాతల కాలం మాట కాదు. డిగ్రీ చదివే కుర్రవాడి కాలి మాట. గుమ్మం ముందు చెప్పులు విడవడం అన్ని కులాలకీ ఉంది. నడివీధిలో విడవడం మనకే ఉంది. తోలు ఊనిందీ మనమే, చెప్పు కుట్టిందీ మనమే, తొడుక్కోవడానికి మాత్రం ఊరు దాటాలి.

ఆ ఆదివారం రాత్రి చర్చి గోడ మీద తెల్ల పంచె కట్టి గూడెం అంతటికీ చూపించాం. లెక్చరర్ చెప్పిన తప్పు గురించి ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఏం చూశారని అడిగాం. అరవై ఏళ్ళ పెద్దమ్మ మొదటి మాటే "చెప్పులు ఎక్కడ పోయినయిరా?" అంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. నేనూ తీస్తాను అన్నాడొకాయన. నేను సైకిలు దిగుతాను అన్నాడు ఇంకొకాయన. మా అబ్బాయి బండి ఇంజను ఆపి నెట్టుకుపోతాడు అంది ఒకామె. మేం ఇరవై ఏళ్ళుగా సభలు పెడుతున్నాం, ఒక్క సభలోనూ ఈ మాటలు బయటికి రాలేదు. రెండు నిమిషాల సినిమాలో దొర్లిన ఒక తప్పు బయటికి లాగింది.

ఇంతకీ అది తప్పా? పరీక్ష లెక్కన తప్పే. అతుకు కనపడింది. కానీ ఆ అతుకును వేసింది కులం. ఊరు, గూడెం అని రెండు ముక్కలు చేసి, మధ్యలో మన కాళ్ళతో అతికించింది.

రెండోసారి నడక

అప్పుడు వాదం వచ్చింది. కొందరు అన్నారు: మళ్ళీ తీయండి, చెప్పులతోనే నడిపించండి, మన ఆత్మగౌరవం చూపించండి. కొందరు అన్నారు: వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి, జరిగేది అదే గదా. మేం చెరో పక్క మాట్లాడాం. మా మధ్యే ఏకాభిప్రాయం రాలేదు. చివరికి ఆడపిల్ల అంది: "కాళ్ళు అతనివి. అతన్నే అడగండి."

అతను రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున్నే కెమెరా తెమ్మన్నాడు. చెప్పులు తొడుక్కుని వేపచెట్టు దాటాడు. ఆ రోజు రచ్చబండ మీద నలుగురున్నారు. ఒకాయన పిలిచాడు: "ఏరా, కొత్త చెప్పులా?" కుర్రవాడు ఆగలేదు. "పాతవేనండీ. రోజూ చేత్తో పట్టుకుపోయేవి" అన్నాడు. ఆ రెండు మాటలూ రికార్డయ్యాయి.

ఇంగ్లండు పరీక్షలో రెండు మాటలు మాట్లాడుకోవాలన్నారు గదా. ఇవీ మా రెండు మాటలు.

దాని ఖరీదు కూడా చెప్పాలి, లేకపోతే మేం మీకు అబద్ధం చెప్పినట్టు. ఆ సాయంత్రం కుర్రవాడి తండ్రికి కబురొచ్చింది, పిల్లాణ్ణి అదుపులో పెట్టుకోమని. పది రోజులు ఆయన్ని పనికి పిలవలేదు. తల్లి మా దగ్గరికి వచ్చి ఏడ్చింది, "మీ సినిమా మాకు కూడు పెడుద్దా" అని. మేం పదిహేను మందిమి వెళ్ళి రచ్చబండ మీదే కూర్చుని మాట్లాడాం. అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలంలో దళితులు చెప్పులు తొడుక్కోవడాన్ని, కొత్త బట్టలు కట్టుకోవడాన్ని, సైకిలో మోటారు సైకిలో ఎక్కడాన్ని, పెళ్ళి ఊరేగింపు తీయడాన్ని అడ్డుకుంటే నేరం. సాంఘికంగా గానీ, పని ఆపి ఆర్థికంగా గానీ బహిష్కరించినా, బహిష్కరిస్తామని బెదిరించినా నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. ఆ సెక్షను చదివి వినిపించాం, కేకలు వేయలేదు. పదకొండో రోజు పనికి పిలిచారు.

మా చివరి ఎత్తుగడ ఇలా కుదిరింది. మొదట పాత నడకను అలాగే ఉంచాం. చెప్పులున్నాయి, లేవు, మళ్ళీ ఉన్నాయి. ఎక్కడా వివరణ లేదు. తర్వాత రెండో నడక. డప్పు ఆగిపోతుంది, చెప్పుల చప్పుడు ఒక్కటే వినపడుతుంది. ఆ రెండు మాటలు. అప్పుడు సినిమా పేరు పడుతుంది. రచ్చబండ మీద మనుషుల ముఖాలు మేం చూపించలేదు, గొంతు మాత్రమే ఉంది. ఒక మనిషి పరువు తీయడం కోసం ఆ సినిమా తీయలేదు. పేర్లు వేసేటప్పుడు కులం తోకలు లేకుండా వేశాం. వంట చేసి పెట్టినామె పేరు, పంచె ఇచ్చినాయన పేరు కూడా వేశాం.

మార్కులు మామూలుగానే వచ్చాయి. కంటిన్యుటీ దగ్గర కోత అలాగే ఉంది. ఎందుకలా ఉంచామో పిల్లలు మూల్యాంకనంలో నాలుగు పేజీలు రాశారు. ఏ వర్గాలను ఎలా చూపించారన్న రెండో ప్రశ్నకు జవాబుగా రాశారు. కోసిన మార్కుల గురించి వాళ్ళు బాధపడలేదు.

మన ఏడు ప్రశ్నలు

వాళ్ళ ఏడు ప్రశ్నలు పరీక్షకు సరిపోతాయి. గూడెంలో పని చేయాలంటే మనవి మనకు ఉండాలి. మేం తయారు చేసుకున్నవి చెబుతాం, రాసుకోండి.

1. కెమెరా ఎక్కడ నిలబడింది? ఊరి వైపా, గూడెం వైపా? పటేల్ షాట్లు ఎన్ని, సంఘం షాట్లు ఎన్ని?

2. మొదటి రెండు నిమిషాల్లో మన మనిషి ఏదన్నా కోరుకున్నాడా, లేక బాధే పడ్డాడా?

3. మొదట మాట్లాడింది ఎవరు? ఆడవాళ్ళకు మాట ఉందా?

4. కెమెరా ఎవరి చేతిలో ఉంది? టీలు తెచ్చింది ఎవరు?

5. ఎక్కడ అతికించాం? ఆ అతుకుతో ఏ నిజాన్ని దాచాం?

6. ఎవరి ముఖం చూపించామో వాళ్ళను ముందు అడిగామా? చూపించినందువల్ల వాళ్ళ కూలికి, ఒంటికి ఏం ప్రమాదం? ప్రమాదం వస్తే పక్కన ఎవరుంటారు?

7. తీసినదాన్ని మొదట ఎవరికి చూపించాం? కాలేజీకా, గూడేనికా?

ఆరో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఆ తల్లి ఏడుపు విన్నాక రాసుకున్న ప్రశ్న అది. నిజానికి అది సినిమా తీయకముందు అడగాల్సింది, మేం తీశాక అడిగాం.

చేయాల్సిన పని

ప్రపంచంలో జనానికి చూపించిన తొలి సినిమాల్లో ఒకటి 1895లో ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు తీసిన కూలీల సినిమా. ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది, ఆడా మగా కూలీలు బయటికొస్తారు, నిమిషంలోపు అయిపోతుంది. ఫ్యాక్టరీ లూమియేర్లది, కెమెరా కూడా వాళ్ళదే. కూలీలు పని చేసినట్టే సినిమాలోనూ నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళను ఏం తీయాలని ఎవరూ అడగలేదు. సినిమా అక్కడ మొదలైంది. ఇప్పుడు ప్రతి గూడెంలో నాలుగిళ్ళకొక సెల్‌ఫోనుంది. గేటు లోపలి నుంచి కూలీలే సినిమా తీసే రోజు వచ్చింది.

కాబట్టి ఈ తరగతి నుంచి వెళ్ళేటప్పుడు ప్రతి గూడెం నుంచి నలుగురు పిల్లలు పేర్లు ఇవ్వండి. ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి. సినిమా మొత్తం వద్దు, రెండు నిమిషాలు చాలు. తీసింది మొదట గూడెంలో, పంచె మీద, అందరూ కింద కూర్చుని చూడాలి. ఏడు ప్రశ్నలూ అడగాలి. తప్పులు దొరికితే వెంటనే దిద్దేయకండి. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కోండి.

1927 మార్చి 20న బాబాసాహెబ్ వెనక మహద్ చెరువు దాకా మనవాళ్ళు నడిచారు. నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. ఆ నడకను తీసిన కెమెరా మన దగ్గర లేదు. మన ఊరి వీధిలో మన పిల్లవాడు నడిచిన ఇరవై అడుగులు మాత్రం ఉన్నాయి. చిన్న నడకే. తాతా, నువ్వడిగినదానికి ఇదీ మా జవాబు. ఇది పనీపాటా లేని కబురు కాదు. ఆ రోజు తర్వాత మా గూడెంలో సైకిలు దిగకుండా రచ్చబండ దాటినవాళ్ళు ముగ్గురున్నారు. నాలుగోది ఆ పెద్దమ్మ. ఆమెకు సైకిలు లేదు. కొత్త చెప్పులు కొనుక్కుంది.

జై భీమ్.